వాడ బడి మూసి, నచ్చిన బడి ఏరుకోమంటారా?

జూన్ నెల వచ్చిందంటే మన వాడలకు రెండు గుంపులు వస్తాయి. ఒక గుంపు కాన్వెంటు కరపత్రాలు పంచుతుంది. పచ్చ బస్సు బొమ్మ, టై కట్టిన పిల్లాడి బొమ్మ, కింద ఫీజులో రాయితీ అని పెద్దక్షరాలు. రెండో గుంపు సర్కారు బడి పంతుళ్ళది. బ్యానరు కట్టుకుని ఇంటింటికీ తిరిగి, పిల్లల్ని మా బడికే పంపండమ్మా అని బతిమాలుతారు. 'మరి మీ పిల్లలు ఏ బడిలో చదువుతున్నారు సారూ?' అని మన ఆడవాళ్ళు అడిగితే సారు నవ్వి ఊరుకుంటాడు.

ఈ రెండు గుంపుల నడుమ మన తల్లుల్ని నిలబెట్టి పాలకులు ఒక తీపి మాట చెబుతున్నారు. డబ్బు మీ ఖాతాలో వేశాం, సర్కారు బడో ప్రైవేటు బడో మీకు నచ్చింది మీరే ఎంచుకోండి అంటున్నారు. వినటానికి బాగానే ఉంది. తరతరాలుగా బడి అరుగు కూడా ఎక్కనివ్వని మన జనానికి ఇవాళ బడిని ఎంచుకునే అధికారం చేతికొచ్చిందట!

నిజంగా వచ్చిందా? ఎంచుకునేది మనమా, లేక మన పిల్లల్లో కొందర్ని వాళ్ళు ఎంచుకుంటున్నారా? ఉమ్మడి రాష్ట్రంలోనూ, విడిపోయాక రెండు రాష్ట్రాల్లోనూ చదువు పేరుతో వచ్చిన పథకాలను ఈ ఒక్క ప్రశ్నతో తూచి చూద్దాం. పథకాన్ని తెచ్చిన పార్టీ ఏదని మేము చూడం. వాడలో ఆఖరి ఇంటి పిల్లకు ఏం దక్కిందో చూస్తాం.

బడి ఎవరూ మనకు దానమిచ్చింది కాదు

1856లో ధార్వాడలో ఒక మహర్ కుర్రవాడు సర్కారు బడిలో చేర్చుకోమని అర్జీ పెట్టుకున్నాడు. బొంబాయి ప్రభుత్వం కుదరదు పొమ్మంది. ఈ ఒక్కడిని చేర్చుకుంటే మిగతా కులాల పిల్లలు బడి మానేస్తారని సాకు చెప్పింది. 1928లో సైమన్ కమిషన్‌కు ఇచ్చిన నివేదికలో బాబాసాహెబ్ అంబేద్కర్ ఈ సంగతి ఎత్తి చూపారు. గమనించండి, బడిని ఎంచుకునే స్వేచ్ఛ ఆ రోజుల్లో కూడా ఉంది. కాకపోతే అది పైకులాల స్వేచ్ఛ. మీరొస్తే మేం ఉండం అనే స్వేచ్ఛ.

ఆ తలుపు మనవాళ్ళు కొట్టి కొట్టి తెరిపించారు. 1848లో పూనాలో ఫూలే దంపతులు ఆడపిల్లల బడి పెట్టారు. తర్వాత మహర్, మాంగ్ పిల్లలకు బడులు పెట్టారు. 1882లో హంటర్ కమిషన్ ముందు జోతిరావు ఫూలే ఒక లెక్క అడిగారు. రైతు కూలీల చెమట నుంచి వసూలు చేసిన పన్ను పైకులాల పెద్ద చదువులకు పోతుంటే, ఆ చెమట కార్చినవాళ్ళ పిల్లలకు అఆలు కూడా ఎందుకు లేవని అడిగారు. మన హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి ఒక్కొక్కటిగా మన పిల్లల కోసం బడులు తెరిచారు. మద్రాసు రాజధానిలో ఉన్న కోస్తా, సీమ జిల్లాల్లో ఊరి బడి రానివ్వకపోతే మిషనరీలు, ఆ తర్వాత లేబర్ డిపార్టుమెంటు మాల మాదిగ పల్లెల్లోనే వేరే బడులు పెట్టాల్సి వచ్చింది. మన వాడల్లో పెచ్చులూడి నిలబడి ఉన్న పాత బడుల్లో చాలావాటి పుట్టుక అదీ.

రాజ్యాంగం పదేళ్ళలో, అంటే 1960 నాటికల్లా, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలందరికీ ఉచిత చదువు అందించే ప్రయత్నం చేయాలని 45వ అధికరణంలో రాసింది. 1993లో మన రాష్ట్రం నుంచే వెళ్ళిన ఉన్నికృష్ణన్ కేసులో ఇది ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తేల్చింది. 2002లో రాజ్యాంగ సవరణ వచ్చింది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పదేళ్ళ పనికి అరవై ఏళ్ళు!

ఈ అరవై ఏళ్ళలో ఇంకొకటి జరిగింది. మనం సర్కారు బడిలోకి వెళ్ళిన కొద్దీ, ఊళ్ళో భూమీ పదవీ ఉన్నవాళ్ళు తమ పిల్లల్ని బయటికి తీసుకుపోయారు. మొదట టౌను కాన్వెంటు, తర్వాత కార్పొరేట్ హాస్టలు, ఆ తర్వాత అమెరికా. ధార్వాడలో మీరొస్తే మేం ఉండం అన్నారు. ఇక్కడ ఆ మాట నోటితో అనలేదు, చేసి చూపించారు. వాళ్ళు పోయాక బడికి సున్నం లేదు, చాకుపీసు లేదు, అడిగే నోరు లేదు. బడి పాడుపడటానికి మన పిల్లలు రావటం కారణం కాదు. పెత్తనం చేసేవాళ్ళ పిల్లలు పోవటమే కారణం.

డబ్బు చేతిలో పెట్టారు, సరే

2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో అమ్మఒడి వచ్చింది. పిల్లల్ని బడికి పంపే తల్లి ఖాతాలో ఏడాదికి 15 వేలు. తర్వాత మరుగుదొడ్ల నిర్వహణ అని వెయ్యి, బడి నిర్వహణ అని ఇంకో వెయ్యి కోశారు. ఎంతమంది పిల్లలున్నా తల్లికి ఒక్కసారే. 2024లో ప్రభుత్వం మారాక 2025 జూన్‌లో అదే పథకం తల్లికి వందనం పేరుతో వచ్చింది. ఈసారి ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అందరికీ ఇచ్చారు. కోత పోగా పిల్లకు 13 వేలు. దాదాపు 67 లక్షల మంది పిల్లల పేరున ఇచ్చామన్నారు. సర్కారు బడి పిల్లలకూ ఇచ్చారు, ప్రైవేటు బడి పిల్లలకూ ఇచ్చారు.

ఈ డబ్బును మేము తప్పు పట్టటం లేదు. కూలికి పోయే తల్లి చేతికి డబ్బు వస్తే సోమరులవుతున్నారని ఏడ్చే దొరల కూతలు మాకు తెలుసు. రైతు పేరున, పరిశ్రమ పేరున వాళ్ళు తినే రాయితీలకు సోమరితనం అంటదు గానీ మన తల్లుల 13 వేలకు అంటుతుందా? ఒక్క బిడ్డకే ఇచ్చే నిబంధన తీసేయటం కూడా మంచి పనే. ఒక్కరికే ఇచ్చినప్పుడు కొడుకును కాన్వెంటు బస్సెక్కించి, కూతుర్ని సర్కారు బడికి నడిపించిన ఇళ్ళు మన వాడల్లోనూ ఉన్నాయి. ఆ మాట దాచుకోవద్దు.

కానీ లెక్క చూడండి. 2025-26లో ఉపాధి హామీ రోజుకూలి 307 రూపాయలు. 13 వేలంటే సుమారు 42 రోజుల కూలి. ఇది ఇంటి ఖర్చుకు ఆసరా. కానీ కాన్వెంటులో ఫీజు ఒక్కటే ఉండదు. బస్సు, బూట్లు, పుస్తకాలు, పరీక్ష ఫీజు, వార్షికోత్సవం చందా అన్నీ కలిపితే తల్లి ఖాతాలో పడిన డబ్బు వారం తిరగకుండా యాజమాన్యం గల్లాపెట్టెలోకి పోతుంది. పైగా అప్పు మిగులుతుంది. సర్కారు డబ్బు తల్లి పేరు మీదుగా ప్రైవేటు బడికి చేరుతుంది, సర్కారు బడిలో మాత్రం ఒక పిల్ల తగ్గుతుంది. పిల్లలు తగ్గారని పంతుల్ని తీసేస్తారు. పంతులు లేడని ఇంకో నలుగురు పోతారు. ఆ తర్వాత బడి మూసేస్తారు. ఎంచుకోమన్నది ఎవరు? ఎంచుకోవటానికి ఉన్న రెంటిలో ఒకదాన్ని చంపుతున్నది ఎవరు?

ఇంకో మోసం కూడా ఉంది. 2013లో పోరాడి తెచ్చుకున్న ఎస్సీ ఎస్టీ సబ్ ప్లాన్ చట్టం ఉంది. అందరికీ ఇచ్చే పథకంలో మన తల్లులకు వచ్చిన వాటాను ఈ సబ్ ప్లాన్ పద్దు కింద రాశారు. అందరితోపాటు వచ్చేది అందరి పద్దులోంచి రావాలి. సబ్ ప్లాన్ డబ్బు మన వాడ బడికి, మన హాస్టలుకు, మన యువకుల ఉపాధికి అదనంగా రావాలి. మన కుండలో అన్నమే మనకు వడ్డించి విందు పెట్టామంటే ఎలా?

మన ఊళ్ళలోనే జరిగిన పరీక్ష

ప్రైవేటు బడిలో వేస్తే చదువు వస్తుందని మన జనం గట్టిగా నమ్ముతున్నారు. ఈ నమ్మకాన్ని వెక్కిరించటం మా పని కాదు. అయితే దీని మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే పెద్ద పరీక్ష ఒకటి జరిగింది. ఆ సంగతి ఏ కాన్వెంటు కరపత్రంలోనూ ఉండదు కాబట్టి మేము చెబుతున్నాం.

2008లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు ఐదు జిల్లాల్లో 180 ఊళ్ళు తీసుకున్నారు. ప్రైవేటు బడికి ఫీజు మేం కడతాం, మీ పిల్లల్ని పంపుతారా అని సర్కారు బడి పిల్లల తల్లిదండ్రుల్ని అడిగారు. సరేనన్నవాళ్ళ పేర్లతో లాటరీ తీశారు. లాటరీ తగిలినవాళ్ళకు ఓచరు ఇచ్చారు. వాళ్ళలో ఎక్కువమంది ప్రైవేటు బడిలో చేరారు. తగలనివాళ్ళలో ఎక్కువమంది ఉన్నచోటే ఉన్నారు. రెండేళ్ళకొకసారి, నాలుగేళ్ళకొకసారి ఇద్దరికీ ఒకే పరీక్ష పెట్టారు. 2015లో ఫలితం అచ్చయింది.

ఏం తేలింది? తెలుగులో తేడా లేదు. లెక్కల్లో తేడా లేదు. ఇంగ్లీషులోనూ, సైన్సు సోషల్ లోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు. కారణం, సర్కారు ప్రాథమిక బడుల్లో హిందీ చెప్పేవాళ్ళే కాదు. అంటే కాన్వెంటు పిల్లవాడు గడగడా మాట్లాడుతుంటే, అది బడి గొప్ప అనుకుంటున్నాం. అందులో ఎక్కువ పాలు ఇంటి గొప్ప. చదువుకున్న తల్లి, నాలుగు డబ్బులున్న తండ్రి, సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని చెప్పే మనిషి ఉండటం గొప్ప. కూలికి పోయి చీకటి పడ్డాక వచ్చే మన ఇళ్ళ పిల్లను అదే కాన్వెంటులో వేస్తే ఆ గొప్ప వెంట రాలేదు.

ఇదే పరీక్షలో మనం దాచకూడని సంగతి ఇంకోటి ఉంది. ఆ ప్రైవేటు బడుల్లో ఒక్కో పిల్లకు అయ్యే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. అక్కడ టీచర్లు బడికి రావటం ఎక్కువ, పాఠం చెప్పే సమయం ఎక్కువ, బడి శుభ్రంగా ఉండటం ఎక్కువ. ఈ ముక్కను పట్టుకుని ప్రైవేటు భక్తులు చంకలు గుద్దుకుంటారు. మేము రెండు మాటలు చెబుతాం.

మొదటిది, ఆ తక్కువ ఖర్చు ఎక్కడి నుంచి వచ్చింది? టీచర్ల జీతంలోంచి వచ్చింది. ఆ టీచర్లు ఎవరు? బీఈడీ, డీఎడ్ చదివి డీఎస్సీ కోసం కళ్ళు కాయలు కాసేలా చూసిన మన పిల్లలే చాలామంది. ఆంధ్రలో 2018 డీఎస్సీ తర్వాత 16,347 పోస్టుల మెగా డీఎస్సీ భర్తీ కావటానికి 2025 దాకా పట్టింది. తెలంగాణలో 2017 తర్వాత 11,062 పోస్టుల డీఎస్సీకి 2024 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ ఏడేళ్ళు మన చదువుకున్న పిల్లలు ఏ కాన్వెంటులో ఎంతకు పనిచేశారో మన వాడల్లో అడిగితే తెలుస్తుంది. ఒకచోట ఖాళీలు నింపకుండా ఉంచి, ఇంకోచోట చవక పంతుళ్ళను తయారు చేసి, చూశారా ప్రైవేటు చవక అంటే ఎవరు నమ్మాలి?

రెండో మాట మన సర్కారు పంతుళ్ళకు. మీకు చదువు ఎక్కువ, శిక్షణ ఎక్కువ, జీతం ఎక్కువ. మీ జీతాలను మేము ఎన్నడూ తప్పు పట్టలేదు, పట్టబోం. కానీ మీరు బడికి వచ్చి, క్లాసులో నిలబడి, మా పిల్లల్ని మీ పిల్లల్లా చూసి చెబితే ఏ కాన్వెంటూ మీ ముందు నిలబడలేదు. బడిలో ఉండి చెప్పనివాళ్ళు, మా పిల్లల్ని కులం పేరుతో చిన్నచూపు చూసేవాళ్ళు, గదులు ఊడ్పించి నీళ్ళు మోయించేవాళ్ళు ప్రైవేటు బడులకు కూలి లేకుండా ప్రచారం చేస్తున్నట్టే లెక్క.

25 శాతం సీట్లు: చట్టం ఉచితమంది, జీవో ఫీజు కట్టమంది

విద్యాహక్కు చట్టం 12వ సెక్షను ప్రకారం ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో నూటికి 25 సీట్లు పేద పిల్లలకు, అణగారిన కులాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. ప్రభుత్వం బడికి ఆ ఖర్చు కట్టాలి. యాజమాన్యాలు కోర్టుకెక్కితే 2012లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని చెప్పింది. అయినా ఆంధ్రలో 2022-23 దాకా కదలిక లేదు. తెలంగాణలో చట్టం వచ్చి పదేళ్ళు దాటినా అమలు చేయలేదు.

ఆంధ్రలో ఎలా అమలు చేశారు? ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 4, బీసీ, మైనారిటీ, ఓసీ పేదలకు 6, అనాథలకు, వికలాంగులకు, హెచ్‌ఐవీ బాధిత కుటుంబాల పిల్లలకు 5 శాతం అని పంచారు. పంపకం బాగానే ఉంది. ఫీజు టౌన్లలో 8 వేలు, పల్లెల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100 అని 2023లో కట్టారు. ఆ ఫీజును అమ్మఒడి డబ్బులోంచి తల్లే కట్టాలన్నారు! చట్టం ఉచితం అంటుంది, జీవో కట్టమంటుంది. కుడిచేత్తో ఇచ్చిన 13 వేలలో సగం ఎడమచేత్తో లాక్కుంటే దానికి హక్కు అని పేరు.

ఈ సీట్లకు ఇంకా రెండు చిల్లులున్నాయి. ఇంటికి దగ్గరలో ప్రైవేటు బడి ఉంటేనే సీటు. మారుమూల పల్లెలో, గూడెంలో కాన్వెంటే లేనప్పుడు 25 శాతం ఎక్కడిది? రెండోది, ఈ హక్కు ఎనిమిదో తరగతి దాకానే. తొమ్మిదిలో ఫీజు కట్టు, లేదంటే బయటికి నడువు. ఎనిమిదేళ్ళు టై కట్టుకున్న పిల్లను అప్పుడు ఎక్కడికి పంపాలి?

అయినా మేము చెప్పేది వినండి, ఈ సీటును వదలొద్దు. అది దయ కాదు, చట్టం. డొనేషను అడగటం నేరం, దానికి పదింతల దాకా జరిమానా. చేర్చుకునేటప్పుడు పిల్లకో తల్లిదండ్రులకో పరీక్ష పెట్టటం నేరం, మొదటిసారికి 25 వేల దాకా జరిమానా. 25 శాతం పిల్లల్ని వేరే గదిలో, వేరే బెంచీ మీద కూర్చోబెట్టటం మన పాత ఊరి పద్ధతే, చట్టం దాన్ని ఒప్పుకోదు. ఎక్కడన్నా అలా జరిగితే ఆ రోజే పదిమంది పోయి అడగండి.

తెలంగాణలో ఎస్సీ ఎస్టీ పిల్లల్ని లాటరీ తీసి ప్రైవేటు బడుల్లో చేర్చే బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ పథకం ఉంది. 2025లో బకాయిలు రాలేదని యాజమాన్యాలు పిల్లల్ని గేటు బయట నిలబెట్టాయి. బాకీ పడింది సర్కారు, ఎండలో నిలబడింది మన పిల్లలు. ఎంపిక అనే మాటకు అసలు అర్థం ఆ గేటు దగ్గర తెలిసింది. తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే ఎంపిక వాళ్ళది.

గురుకులం మన గర్వం, దాని దారి వాడ బడి

1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలైన గురుకులం ఒరవడి తర్వాత సాంఘిక సంక్షేమ గురుకులాలుగా మన పిల్లలకు దక్కింది. 2014 మే 25న ఆ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. అక్కడ చదివి డాక్టర్లు, ఇంజనీర్లు అయినవాళ్ళు మన వాడలకు దారి చూపుతున్నారు. ఈ గురుకులాల మీద చెయ్యి వేసే ఏ ప్రభుత్వాన్నయినా ఎదుర్కోవాల్సిందే. 2024లో తెలంగాణ గురుకులాల్లో, ఆశ్రమ బడుల్లో అన్నం విషమై పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. ఆ తర్వాతే మెస్ చార్జీలు 40 శాతం పెంచారు. బిడ్డలు వాంతులు చేసుకుంటే తప్ప రేట్లు పెరగవా?

అయితే ఒక్కమాట ఆలోచించండి. గురుకులంలో చేరేది ఐదో తరగతిలో. ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. ఆ పరీక్ష రాయటానికి అక్షరం ఎక్కడ నేర్చుకోవాలి? నాలుగో తరగతి దాకా వాడ బడిలో. వాడ బడి సరిగా నడిస్తే మన వాడ నుంచి పదిమంది పరీక్ష గట్టెక్కుతారు. బడి మూతబడితే ఆ సీట్లు కూడా ట్యూషను పెట్టించుకోగలిగిన ఇళ్ళకే పోతాయి. సీటు వచ్చిన పిల్ల పోయాక మిగిలిన తొమ్మిది మంది ఎక్కడ చదవాలి? వాళ్ళకూ అదే వాడ బడి. గురుకులం గేటు దాకా పిల్లను నడిపించేది వాడ బడి. గురుకులం కాదన్న పిల్లను ఒళ్ళో పెట్టుకునేదీ వాడ బడే.

ఇంగ్లీషు మాకొద్దని చెప్పటానికి మీరెవరు?

2019 నవంబరులో సర్కారు బడులన్నీ ఇంగ్లీషు మీడియం అని ఆంధ్ర ప్రభుత్వం జీవో ఇచ్చింది. తెలుగు చచ్చిపోతుందని పెద్దలు గుండెలు బాదుకున్నారు. గుండెలు బాదుకున్నవాళ్ళ మనుమలు ఎక్కడ చదువుతున్నారో అందరికీ తెలుసు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. తర్వాత తల్లిదండ్రుల్ని అడిగితే నూటికి 96 మంది ఇంగ్లీషే కావాలన్నారని ప్రభుత్వం ప్రకటించింది. మన జనం కోరిక అదే. ఉద్యోగం, కోర్టు, కంప్యూటరు అన్నీ ఇంగ్లీషులో పెట్టి, మీరు మాత్రం తెలుగును కాపాడండి అనటం మనల్ని మళ్ళీ ఊరి బయట కాపలా పెట్టటమే.

అయితే బోర్డు మార్చినంత మాత్రాన ఇంగ్లీషు రాదు. పైన చెప్పిన పరీక్షలోనే ఒక సూచన దొరికింది. గట్టి రుజువు కాదు, సూచన. తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడికి మారిన పిల్లలు భాష కాని సబ్జెక్టుల్లో వెనకబడ్డట్టు కనబడింది. అర్థం కాని భాషలో లెక్క చెబితే లెక్కా రాదు, భాషా రాదు. అందుకే మేము అడిగేది ఇంగ్లీషు చెప్పగల టీచర్ని, చిన్న తరగతుల్లో తెలుగును మెట్టు చేసుకుని ఎక్కించే పద్ధతిని.

వాడ బడిని ఎలా చంపుతారు

గునపం పెట్టి కూల్చరు. జీవోతో చంపుతారు. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 ప్రకారం మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గరున్న హైస్కూళ్ళలో కలిపారు. వాడ బడిలో ఒకటి, రెండు తరగతులు, ఒక పంతులు మిగిలారు. పంతులు సెలవు పెడితే బడికి సెలవు. చిన్నపిల్లలు రోడ్డు దాటి, ఊళ్ళోంచి నడిచి పోవాలి. ఎట్లాగూ దూరం పంపాలి కదా, ఆ పంపేదేదో బస్సెక్కించి కాన్వెంటుకే పంపుదాం అనుకున్నారు తల్లులు. వాళ్ళను తప్పు పట్టగలమా?

2025లో కొత్త ప్రభుత్వం ఆ జీవోను రద్దు చేసింది. తొమ్మిది రకాల బడులన్నారు. తరగతికొక టీచరు ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్ళన్నారు. తరగతికొక టీచరు అనేది మనం ఏనాటి నుంచో అడుగుతున్న మాట. కానీ ఆ మోడల్ బడి ఊళ్ళో పెడుతున్నారా, వాడలో పెడుతున్నారా? వాడ బడి పిల్లల్ని అక్కడికి తరలించి ఇక్కడ తాళం వేస్తే పేరు మారింది గానీ పని మారలేదు.

పేర్లు మార్చటంలో మాత్రం మన పాలకులు దిట్టలు. నాడు-నేడు పోయి ఇంకో పేరు వచ్చింది. గోరుముద్ద పోయి డొక్కా సీతమ్మ పేరు వచ్చింది. అమ్మఒడి పోయి తల్లికి వందనం వచ్చింది. నాడు-నేడు మొదటి విడతలో 15,715 బడులకు గోడలు, నీళ్ళు, మరుగుదొడ్లు వచ్చాయి. ఆ పని మంచిదని మేము అంటాం, ఎవరు చేశారన్నది మాకు అనవసరం. కానీ బాగుపడిన గోడల మధ్య పిల్లలు, పంతుళ్ళు ఉండాలి కదా?

1964-66 కొఠారీ కమిషన్ ఒక దారి చూపింది. కలెక్టరు కొడుకూ, కూలి కూతురూ ఒకే పేటలో ఒకే బడి. చదువు మీద జాతీయ ఆదాయంలో 6 శాతం ఖర్చు. రెండూ నేటికీ జరగలేదు. 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు, సర్కారు జీతం తీసుకునే వాళ్ళందరూ తమ పిల్లల్ని సర్కారు ప్రాథమిక బడికి పంపాలని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వానికి చెప్పింది. అమలైందా? కాలేదు. ఆ ఒక్క పని జరిగితే వారం రోజుల్లో ప్రతి బడికీ పంతులొస్తాడు. అందుకే జరగనివ్వరు.

మా డిమాండ్లు

1. ఒక్క వాడ బడి కూడా మూయొద్దు, కలపొద్దు. కిలోమీటరు లోపు ప్రాథమిక బడి ఉండాలని నిబంధన ఉంది. అరవై మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లు ఉండాలని చట్టం ఉంది. అది అమలు చేయాలి. డీఎస్సీ ఏటా వేయాలి.

2. 25 శాతం సీట్ల ఫీజు ప్రభుత్వమే నేరుగా బడికి కట్టాలి. తల్లి డబ్బు ముట్టుకోవద్దు. ఆ హక్కు పదో తరగతి దాకా పొడిగించాలి. తెలంగాణలోనూ పూర్తిగా అమలు చేయాలి.

3. అందరి పథకాలకు సబ్ ప్లాన్ డబ్బు వాడొద్దు. ఆ డబ్బు వాడ బడికి, సాయంత్రం చదువుకు, పుస్తకాలకు, హాస్టళ్ళకు ఖర్చు పెట్టాలి. లెక్క గ్రామసభలో చదివి వినిపించాలి.

4. గురుకులాలకు సొంత భవనాలు, మంచి నీళ్ళు, పూర్తికాలం నర్సు ఉండాలి. బకాయిల పేరుతో ఏ పిల్లనూ ఏ గేటు బయటా నిలబెట్టకూడదు.

5. ప్రజాప్రతినిధులు, అధికారులు, సర్కారు టీచర్లు తమ పిల్లల్ని సర్కారు బడిలోనే చదివించాలి.

మనం చేయాల్సింది

డిమాండ్లు రాసి పంపితే వచ్చేవి కావు. వాడలో కార్యకర్తలు ఈ పక్షం రోజుల్లో చేయదగ్గ పనులున్నాయి.

విద్యా కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. అణగారిన కులాలకు పిల్లల సంఖ్యను బట్టి చోటు ఉండాలి. ఇది చట్టం. మీ బడిలో కమిటీ ఎవరి పేర్లతో ఉందో పోయి చూడండి. కాగితం మీద మన పేరు, పెత్తనం వేరొకరిది అయితే సమావేశం పెట్టమని అడగండి. బడి అభివృద్ధి ప్రణాళిక రాసే హక్కు ఆ కమిటీది.

మీ బడికి మంజూరైన పోస్టులెన్ని, ఉన్న టీచర్లెందరు అని సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. వాడలో ఎంతమంది పిల్లలున్నారు, ఏ బడికి పోతున్నారు, ఎందుకు పోతున్నారు అని ఇంటింటికీ తిరిగి రాసుకోండి. కాన్వెంటుకు పంపే తల్లిని నిలదీయొద్దు. ఏముంటే సర్కారు బడికి పంపుతావమ్మా అని అడగండి. ఆమె చెప్పిన జవాబే మన డిమాండు.

ఐదేళ్ళు నిండిన పిల్లలున్న ఇళ్ళకు 25 శాతం సీట్ల సంగతి చెప్పండి. దరఖాస్తు తేదీలు సచివాలయంలోనో, ఎంఈవో ఆఫీసులోనో ముందే కనుక్కుని వాడ బోర్డు మీద రాయండి. గురుకులం పరీక్షకు పోయే పిల్లలకు సాయంత్రం అంబేద్కర్ భవనంలోనో, చర్చి వరండాలోనో చదువు చెప్పండి. డిగ్రీ చదివిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు రోజుకు గంట ఇస్తే చాలు.

మధ్యాహ్న భోజనం వండే మనిషి కులం చూసి పిల్లల్ని అన్నం తిననివ్వకుండా లేపుకుపోతే ఊరుకోవద్దు. వంట పనిలో దళితులకు మొదటి చోటు ఇవ్వాలని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

అక్కలారా, అన్నలారా, బిడ్డను ఎక్కడ చదివించాలో తేల్చుకునేది మీరే. కాన్వెంటు సీటు వచ్చినా తీసుకోండి, గురుకులం సీటు వచ్చినా తీసుకోండి, ఖాతాలో డబ్బు పడితే ఖర్చు పెట్టుకోండి. అవన్నీ మన హక్కులే. కానీ వాటి కోసం వాడ బడిని వదులుకోవద్దు. నాలుగు దారులున్నప్పుడే ఎంపిక. మూడు దారులు లాటరీతో, పరీక్షతో, ఫీజుతో నడుస్తాయి. ఏ లాటరీ, ఏ పరీక్ష, ఏ ఫీజు లేకుండా మన ప్రతి బిడ్డకూ తెరిచి ఉండాల్సిన తలుపు ఒక్కటే. ఆ తలుపుకు తాళం పడనివ్వకండి.

జై భీమ్!